న్యాల్ సాగాయందలి వెండిరాశి: రాజులేని ధర్మమును గూర్చిన వాదమొకటి

అరాజకమను మాట మన భాషలో రెండర్థముల బరువును మోయుచున్నది. రాజు లేకుండుట దాని మొదటి యర్థము. బలవంతుడు బలహీనుని దోచుకొనుట లోకవ్యవహారము దానికి తగిలించిన యర్థము. మొదటిది యున్నచోట రెండవది తప్పక యుండునని నమ్మినవారమగుటచేత మనకు వేఱొక మాట యవసరము కలుగలేదు. ఈ నమ్మకమునకు మూలము వెదకువారు మహాభారత శాంతిపర్వమునకు పోవుదురు. అచ్చట భీష్ముడు రాజోత్పత్తిని ఒక తీరున గాక రెండు తీరుల చెప్పియున్నాడు. రాజ్యమును రాజును దండమును లేని కాలమొకటి యుండెననియు, అప్పుడు ప్రజలు ధర్మముచేతనే యొకరినొకరు కాపాడుకొనిరనియు, పిదప మోహలోభములు పుట్టి యా స్థితి చెడెననియు నొక కథ. రాజులేని ప్రజలు నీటిలోని చేపలవలె నొకరినొకరు మ్రింగుచుండి, తమలో తాము కొన్ని కట్టుబాట్లు చేసికొని, అవి నిలువకపోగా బ్రహ్మను శరణుజొచ్చి మనువును రాజుగా పడసిరని మఱియొక కథ. ఈ రెండవ కథలో మనువు మొదట వెనుదీసెను. పశువులలోను బంగారములోను ఏబదింట నొక పాలు, ధాన్యమున పదింట నొక పాలు ఇత్తుమని ప్రజలు ఒడంబడిక చేసిరి. రాజు దైవాంశసంభూతుడను మాట మఱియొకచోట నెంత గట్టిగా చెప్పబడినను, ఇచ్చట మాత్రము ఆతడు జీతము మాటాడుకొని కావలికి వచ్చినవానివలె కనబడుచున్నాడు.

కావలి జీతమునకైనచో కావలివాడొక్కడే యేల యుండవలెను? మనువు నచ్చనిచో వేఱొకని కుదుర్చుకొనుటకు ప్రజలకు హక్కు లేదా? ఈ ప్రశ్నను భారతము వేయలేదు. 1849లో పారిస్ నగరమున వెలువడుచుండిన ఆర్థికవేత్తల పత్రికలో గుస్తావ్ ద మోలినారి యను బెల్జియము దేశీయుడు వేసెను. ధాన్యము, వస్త్రము మున్నగు సమస్త వస్తువులను పోటీగల వర్తకులు చౌకగాను మేలుగాను సమకూర్చుచుండగా, రక్షణ మనెడు నొక్క సరకునకు మాత్రము గుత్తేదారు ఏలయని యాతడడిగెను. పౌరుడు తనకు నచ్చిన రక్షకునితో ఒడంబడిక చేసికొని, నచ్చనప్పుడు మానుకొనవలెననెను. స్వేచ్ఛావాణిజ్యమునకు ప్రాణమిచ్చిన యానాటి పారిస్ ఆర్థికవేత్తలు సయితము ఈ మాటకు బెదరిరి. వారి గోష్ఠిలో దీనిపై చర్చ జరిగినప్పుడు, మోలినారి తర్కముచే దారితప్పెనని ద్యునోయే యనెను. తర్కము దారి తప్పించుటకు మాఱుగా తామెవ్వరును పోదలపని చోటికి తిన్నగా కొనిపోయినప్పుడు పండితులు సామాన్యముగా పలుకు పలుకిది.

ఆ తరువాతి కథ అమెరికాలో నడచినది. 1844లో లైసాండర్ స్పూనర్ ప్రభుత్వపు తపాలాకు పోటీగా తానొక తపాలా సంస్థను నెలకొల్పి తక్కువ వెలకు ఉత్తరములు చేరవేయుటయు, ప్రభుత్వము వ్యాజ్యములతో దానిని మూయించుటయు, 1845లో తన వెలలను తానే తగ్గించుకొనుటయు ఈ వాదులు మఱిమఱి చెప్పు దృష్టాంతము. తాను చేవ్రాలు చేయని రాజ్యాంగము తన్నెట్లు కట్టివేయునని యాతడు 1870లో వ్రాసిన గ్రంథమున నడిగెను. 1881 మొదలు 1908 వఱకు బెంజమిన్ టక్కర్ నడపిన 'లిబర్టీ' పత్రిక ఈ భావములకు వేదికయైనది. అయితే టక్కరునకు ధనికుల గుత్తాధిపత్యముపై గల కోపము పిమ్మటివారిలో చాల భాగము చల్లారినది. 1973లో మరే రాత్‌బార్డ్, డేవిడ్ ఫ్రీడ్మన్ చెఱియొక గ్రంథము ప్రకటించి ఈ వాదమునకు నేటి రూపము నిచ్చిరి. పన్ను బలవంతపు వసూలనియు, రక్షకభటులను న్యాయస్థానములను కూడ జనులు భీమావలె కొనుక్కొనవచ్చుననియు వారి సారాంశము. ఇట్టి రక్షక సంస్థలు పోటీపడగా పోటీపడగా ఒకటి మిగిలి అదియే రాజ్యమగునని 1974లో రాబర్ట్ నోజిక్ ప్రత్యుత్తరమిచ్చెను. ఈ తర్కవివాదమును మేమిచ్చట సాగింపబోము. దానికి తగినవారు వేఱుగలరు.

సాహిత్యవిద్యార్థులమైన మేము ఇందు తలదూర్చుటకు కారణము దృష్టాంతము. రాజులేని ధర్మము ఎచ్చటనైన నిలిచినదా యను ప్రశ్నకు ఈ వాదులు పలుమాఱు చూపు దేశము ఐస్లండు. 1979లో ఫ్రీడ్మన్ న్యాయశాస్త్ర పత్రికయొకదానిలో ఆ దేశపు ప్రాచీనధర్మమును గూర్చి ప్రకటించిన వ్యాసము ఈ విషయమున ప్రసిద్ధము. ఆ వ్యాసమునకు ఆధారములు రెండు విధములు: గ్రాగాస్ అను పేర నిలిచిన ధర్మసంగ్రహములు, సాగాలనబడు గద్యకథలు. అనగా ఒక రాజనీతివాదమునకు కావ్యము సాక్షిగా పిలువబడినది. సాక్షి చెప్పినదంతయు విన్నారా, లేక తమకు కావలసినంత విని చాలించిరా యనునది విమర్శకుని ప్రశ్న.

ముందు దేశస్థితిని కొంత చెప్పవలెను. నార్వే మొదలగు చోట్లనుండి వలసవచ్చినవారు 930 ప్రాంతమున ఆల్తింగ్ అను మహాసభను ఏర్పఱచుకొనిరి. ఏటేట వేసవిలో దేశపు నాయకులును రైతులును అచ్చట కూడుదురు. ధర్మమును చేయుటకు సభ కలదు, విచారించుటకు న్యాయస్థానములు కలవు, అమలుపఱచుటకు మాత్రమెవ్వరును లేరు. జీతము గల యధికారి యొక్కడే: ధర్మవక్త. ఆతడు ధర్మమునంతటిని మూడుభాగములుగా చేసి ఏటికొక భాగము సభలో కంఠస్థముగా చదువవలెను. (వ్రాత లేనినాడు ధర్మమును నోటనిలిపిన యీ యేర్పాటు మన వేదాధ్యయన సంప్రదాయ మెఱిగినవారికి వింతగా తోపదు.) నాయకుని గోది యందురు. గోది పదవి వంశపారంపర్యముగా వచ్చును, అమ్మవచ్చును, కొనవచ్చును, పంచుకొనవచ్చును, ఎరువియ్యవచ్చును. ప్రతి రైతు ఎవడో యొక గోదికి అనుచరుడై యుండవలెనుగాని, ఆ గోది నచ్చనిచో విడిచి వేఱొకని చేరవచ్చును. నేరమన్నది బాధితునికిని నేరస్థునికిని నడుమ వ్యవహారము; హత్యయైనను శిక్ష సాధారణముగా ధనరూపమైన పరిహారము. తాను వ్యాజ్యము నడుపలేని బలహీనుడు తన హక్కును బలవంతునికి ఒప్పగింపవచ్చును. పరిహారమియ్యనివాడు ధర్మబహిష్కృతుడగును, వానిని చంపినవానికి దోషము లేదు.

మోలినారి కోరినదానిలో ముఖ్యభాగము ఇందు కానవచ్చుచున్నదనుట నిజము. ఈ వ్యవస్థ 1262లో ఐస్లండు నార్వే రాజునకు లోబడుటకు నాంది పలికినదాక, మూడువందల యేండ్లకు పైగా నిలిచినది. దాని చివరి యంతఃకలహకాలమున, అనగా దేశీయులు తాళజాలమని మొఱపెట్టిన కాలమున సయితము, జనసంఖ్యనుబట్టి చూడగా ఏటి చావులు ఫ్రీడ్మన్ వ్రాయునాటి అమెరికాలోని హత్యలకు ఇంచుమించు సమానమని యాతడు లెక్కించెను. మాత్స్యన్యాయమును స్వతస్సిద్ధముగా తలంచు మనవంటివారికి ఈ లెక్క మంచి మందు. రాజు లేనిచోట ధర్మమే యుండదను మాటను ఐస్లండు చరిత్ర కొట్టివేయుచున్నది. ఇంతవఱకు ఈ వాదులతో మాకు పేచీ లేదు.

ఇక సాగాలు. వానిలో మిక్కిలి పెద్దదియు మేటిదియు నగు న్యాల్ సాగా 1280 ప్రాంతమున రచితము; కర్త పేరు తెలియదు. కథాకాలము దానికి రెండున్నర శతాబ్దులకు పైబడి ముందటిది. నడుమ దేశము స్వాతంత్ర్యము కోల్పోయినది, నార్వేనుండి క్రొత్త ధర్మశాస్త్రము వచ్చినది. పోయినదానిని తలచుకొనుచు వ్రాసినవాడు ఉన్నదానిని వర్ణించినవానివంటి సాక్షి కాడు. సాగాలోని న్యాయవిధులు కొన్ని గ్రాగాసుతో సరిపడవని పండితులు చూపియున్నారు. మన పల్నాటి వీరుల కథలోని కోడిపందెమును పట్టుకొని పండ్రెండవ శతాబ్ది ఒడంబడిక ధర్మమును నిర్ణయింపబూనువానిని మన పరిశోధకులు సమ్మతింపరు. ఐస్లండు కథలోను గుఱ్ఱముల పందెమొకటి వైరమునకు నిప్పు రాజవేయును; దానికిని అదే జాగరూకత వలయును. కాని సాగాను చరిత్రగా గైకొనకున్నను, ఆ ధర్మవ్యవస్థలో పుట్టిపెరిగిన జాతి దానిని గూర్చి యేమి తలపోసెనో తెలిసికొనుటకు దానికంటె మంచి గ్రంథము లేదు. విలియమ్ ఇయాన్ మిల్లర్ 1990లో ప్రకటించిన గ్రంథము ఈ దృష్టితోనే సాగాలను చదివినది. మేమును ఆ తెరువున కొంతదూరము పోవుచున్నాము.

బలహీనుని హక్కు బలవంతునికి బదిలీ యగుట ఈ వాదులకు మిక్కిలి ప్రియమైన యంశము. సాగా మొదటి వ్యాజ్యమే దానికి పరీక్ష. ఉన్ అను స్త్రీ తన భర్త హ్రూట్‌ను విడిచి వచ్చినది. ఆమె స్త్రీధనమును రాబట్టుటకు ధర్మజ్ఞుడని పేరొందిన ఆమె తండ్రి మోర్డ్ సభలో వ్యాజ్యము వేసెను. హ్రూట్ ద్వంద్వయుద్ధమునకు పిలిచెను. ముసలివాడైన మోర్డ్ వెనుదిరిగెను. కొంతకాలమునకు ఆమె బంధువైన గున్నార్ అను వీరుడు ఆ హక్కును చేపట్టెను. న్యాల్ చెప్పిన యుపాయమున మాఱువేషముతో పోయి, హ్రూట్‌కు తెలియకుండ వానియింటనే వానికి సమను చెప్పివచ్చెను. అంత యుపాయము పన్నినను సభలో వ్యాజ్యము విధిలోపమున చిక్కుకొన్నది. అప్పుడు గున్నార్ ఏమిచేసెను? హ్రూట్ మోర్డును పిలిచినట్లే తాను హ్రూట్‌ను ద్వంద్వయుద్ధమునకు పిలిచెను. హ్రూట్ ధనము చెల్లించెను. హక్కు బదిలీయైనది, ధనమును వచ్చినది. ఫలితము చూచువారికి వ్యవస్థ పనిచేసినట్లే. కాని ఆ ధనమును తెచ్చినది తీర్పు కాదు, బదిలీ కొన్నవాని కండబలము. కథకుడు ఒక వాక్యమైనను వ్యాఖ్యానింపక ఒకే సన్నివేశమును రెండుమాఱులు నడపి, రెండవమాఱు పాత్రలను మాత్రము తాఱుమాఱు చేసినాడు. బలహీనుని మొఱను బలవంతుడు కొనుట బలహీనునికి రక్షణయే కావచ్చును. ధర్మమునకు రక్షణ యగునా యనునది వేఱు ప్రశ్న.

రెండవది, ప్రాణములకు వెలకట్టు రీతి. గున్నార్ భార్య హల్గెర్డ్‌కును, న్యాల్ భార్య బెర్గ్‌థోరాకును ఒక విందులో కూర్చుండు స్థానమును గూర్చి మాట పెరిగినది. హల్గెర్డ్ పంపగా ఆమె సేవకుడు న్యాల్ సేవకుని చంపెను. గున్నార్ ధర్మముగా పండ్రెండు ఔన్సుల వెండి చెల్లించెను. న్యాల్ ఆ వెండిని వ్యయము చేయక విడిగా దాచెను. అనతికాలములో బెర్గ్‌థోరా పంపినవాడు హల్గెర్డ్ సేవకుని చంపెను. న్యాల్ ఆ వెండినే తెచ్చి గున్నార్ చేతిలో పెట్టెను. గున్నార్ అది తానిచ్చినదేయని గుర్తించెను. పిదప చంపబడువారి అంతస్తు హెచ్చుచు వచ్చినది, వెలయు హెచ్చుచు వచ్చినది: ఒకనికి నూఱు, ఒకనికి రెండునూఱులు. ఇంత జరిగినను గున్నార్‌కును న్యాల్‌కును స్నేహము చెడలేదు.

ఈ ఘట్టమును అరాజకవాది తనకనుకూలముగా చదువవచ్చును, చదువుట యన్యాయమును కాదు. రెండిండ్ల నడుమ ఇన్ని హత్యలు జరిగినను, రాజులేని దేశమున యుద్ధము పుట్టక, పరిహారధనము చెల్లుబాటయినదిగదా! నిజమే. కాని సంచి చేతులు మాఱినకొలది హత్యలు తగ్గలేదని కథకుడు వరుసగా చూపుచున్నాడు. వెల నిర్ణయమైన యపరాధము కొనదగిన యపరాధమైనది; భర్తలు చెల్లించుచుండగా భార్యలు కొనుచుండిరి. మరల వచ్చిన వెండిని గుర్తుపట్టిన గున్నార్ ముఖమున నవ్వు మొలచెనో లేదో కథకుడు చెప్పలేదు. మాకు మాత్రము ఈ పండ్రెండు ఔన్సుల సంచికంటె ఆ ధర్మముపై తీక్ష్ణమైన హాస్యము గ్రంథమున మఱియొకటి కనబడలేదు.

మూడవ ఘట్టము గ్రంథమునకు గుండెకాయ. న్యాల్ పెంపుడుకొడుకు హోస్కుల్డ్, ఎవరికి కీడు చేయనివాడు. కొండెములు విని న్యాల్ కుమారులు వానిని పొలములో విత్తనములు చల్లుచుండగా చంపిరి. హోస్కుల్డ్ భార్య హిల్డిగున్ భర్త నెత్తురు గడ్డకట్టిన పైవస్త్రమును దాచియుంచి, తన పినతండ్రియైన ఫ్లోసి భోజనమునకు వచ్చినప్పుడు దానిని వాని భుజములపై విసరెను. ఆ వస్త్రము లోగడ ఫ్లోసియే హోస్కుల్డ్‌కు కానుకగా నిచ్చినది. పిమ్మట మహాసభలో మధ్యవర్తులు కూర్చుండి ముగ్గురు మనుష్యుల పరిహారమునకు సరిపడు మొత్తమును, అనగా ఆరునూఱుల వెండిని, నిర్ణయించిరి. ఆ మొత్తమున సగము మధ్యవర్తులే భరించిరి. సభలోనివారును తలకొంత యిచ్చిరి. వెండి రాశిపోయబడినది. ప్రభుత్వమనునది లేకుండ, ఎవరి బలవంతమును లేకుండ, స్వచ్ఛందముగా శాంతి సమకూడు క్షణమిది; మోలినారి చూచినచో కన్నులు చెమర్చియుండును. అప్పుడు న్యాల్ ఆ రాశిపై ఒక పట్టుబట్టను, పాదరక్షల జతను ఉంచెను.

ఫ్లోసి వచ్చి రాశిని చూచి మెచ్చెను. పట్టుబట్ట నెత్తి, ఇది యెవరిచ్చినదని యడిగెను. ఎవ్వరును పలుకలేదు. మరల నడిగెను, మరల మౌనము. పిదప మాట పెరిగి, గడ్డము మొలవని న్యాల్‌ను గూర్చి ఫ్లోసి హీనముగా పలుకుటయు, న్యాల్ కుమారుడు స్కార్ప్‌హెదిన్ అంతకంటె హీనముగా బదులు పలుకుటయు జరిగినది. ఫ్లోసి రాశిని తన్నివైచి, అందొక్క కాసును తనకు వలదనెను. ఆ సంవత్సరమే న్యాల్ గృహమును చుట్టుముట్టి నిప్పుపెట్టిరి. న్యాల్, భార్య, మనుమడు, కుమారులు అందు మడిసిరి.

న్యాల్ ఆ పట్టుబట్టను ఏల పెట్టెనను విషయమున వ్యాఖ్యాతలు పలువిధముల తర్కించిరి. బట్ట ఆడుమగల యిరువురకును చెల్లునదగుటచే ఫ్లోసి దానిని తన పౌరుషమునకు కొఱతగా భావించెనని కొందఱు. మాకు తోచునది వేఱు. వెండి ధర్మము చెప్పిన వెల; పట్టుబట్ట వెలకు పైది, కానుక. హత్యకు నియతమైన వెల చెల్లుచున్నచోట, పెంపుడుకొడుకును పోగొట్టుకొన్న న్యాల్ వెలలో ఇమడని దానిని దేనినో చూపదలచెను. ఫ్లోసి భుజములపై నెత్తుటివస్త్రము పడియున్నది. అది కూడ ఒకనాటి కానుకయే. ఒక వస్త్రమునకు మఱియొక వస్త్రము బదులని న్యాల్ తలచెనో లేదో మనమెఱుగము, కాని కథకుడు రెంటిని ఎదురెదురుగా పెట్టినాడు. మౌనమున కారణమును ఇందే వెదకవచ్చును. వెండి యెవరిదని ఎవ్వరును అడుగరు. కానుక యెవరిదని అడుగక మానరు. ధనమునకు ముఖము లేదు, కానుకకు కలదు. పరిహారమును సరకు వెలవలె చూచువారు ఈ తేడాను లెక్కలోనికి తెచ్చు మార్గము మాకు తెలియకున్నది.

ఇక గోదిని మార్చుకొను స్వేచ్ఛ. అరాజకవాద సౌధమునకు మూలస్తంభమిదియే. రక్షకుని విడిచిపోగల హక్కే రక్షకుని అదుపులో నుంచునని వారి సిద్ధాంతము. గృహదహనమును గూర్చిన వ్యాజ్యము మహాసభకు వచ్చినప్పుడు ఫ్లోసి, ఎయోల్ఫ్ అను ధర్మజ్ఞుని తన పక్షమున వాదించుటకు కుదుర్చుకొని బంగారు కడియ మిచ్చెను. వ్యాజ్యమున సాయపడుటకు ధనము గొనుట ధర్మవిరుద్ధమగుటచే కడియమును దాచుకొమ్మని తోడివాడు హెచ్చరించెను. న్యాయసహాయము కూడ సరకేయను వారు ఈ కడియమును కొంచెము చూడదగును. ఎయోల్ఫ్ చెప్పిన యుపాయమేమి? ఫ్లోసి తన గోది పదవిని రహస్యముగా తమ్మునికి ఒప్పగించి, తాను ఉత్తరదిక్కున నొక గోదికి అనుచరుడుగా చేరవలెను. ప్రతిపక్షులు యథాప్రకారము తూర్పు మండల న్యాయస్థానమున వాదింతురు. వాదమంతయు ముగిసిన పిదప, ప్రతివాది ఉత్తర మండలమువాడు గనుక వ్యాజ్యము చెల్లదని చెప్పవచ్చును. అట్లే జరిగినది. పై న్యాయస్థానమునకు పోగా అచ్చట న్యాయమూర్తుల సంఖ్యను గూర్చిన లోపముచేత మరల చెడినది. న్యాల్ వద్ద ధర్మము నేర్చి, కాలి కురుపుచే గుడారములో పడియుండి వార్తలు వినుచుండిన థోర్హాల్ ఈ మాట వినగానే ఈటెతో కురుపును తానే చీల్చుకొని, లేచి కుంటక నడచిపోయి, ఎదురుపడిన మొదటి శత్రువును పొడిచెను. ధర్మసభ రణభూమియైనది.

రాజశాసనము గల దేశములలో ప్రతివాదులు న్యాయస్థానపు పరిధిని మార్చి తప్పించుకొనుట లేదా యని యడుగవచ్చును. కలదు; న్యాయవాదులందఱును ఎఱుగుదురు. కావున ఈ కథ రాజ్యమునకు సమర్థనము కానేరదు. ఇది నిరూపించునది అంతకంటె చిన్నది, కాని గట్టిది: విడిచిపోగల స్వేచ్ఛ రక్షకుని దౌష్ట్యమునుండి రక్షితుని కాపాడినట్లే, రక్షితుని దౌష్ట్యమును న్యాయమునుండి కాపాడును. ఈ రెండవముఖము ఫ్లోసికి తెలిసినంతగా మోలినారికి తెలియలేదు.

ఒక్కొక్కరికి ఒక్కొక్క ధర్మము కొనుక్కొనుట యను భావమును గూర్చి గూడ సాగా మాటాడినది. 1000 ప్రాంతమున క్రైస్తవులును పాతమతమువారును మహాసభలో ఒకరి ధర్మము నొకరు త్రోసిపుచ్చి విడిపోవ సిద్ధపడిరి. ధర్మవక్తయైన థోర్గేర్, తాను పాతమతమువాడయ్యును, తలపై వస్త్రము కప్పుకొని ఒక దినమంత మాటాడక పడియుండి, లేచి, ధర్మము చీలినచో శాంతియు చీలుననియు, అందఱికిని ఒక్కటే ధర్మము కావలెననియు చెప్పి క్రైస్తవమును నిర్ణయించెను. రక్షకులు పలువురైనను ధర్మమొక్కటే యని ఐస్లండువారు పట్టుపట్టిరి. అనగా వారియొద్ద పోటీయున్నది ధర్మమును నడపువారిలోనేగాని ధర్మములో కాదు. ఫ్రీడ్మన్ ఐస్లండున ధర్మకర్తృసభ యొక్కటే యుండెనని దాచలేదు. ఆతని దృష్టాంతమును అరువు తెచ్చుకొన్నవారే దీనిని దాటిపోవుచున్నారు.

వ్యవస్థ యేల కూలెను? 1096 ప్రాంతమున వచ్చిన దశమభాగపు పన్ను కారణమని రాడరిక్ లాంగ్ మున్నగువారందురు. చర్చిభూములు గల నాయకులకు అనుచరుల యిష్టాయిష్టములతో పనిలేని యాదాయము దొరకెను, పోటీ చచ్చెను, పదవులు కొన్ని కుటుంబముల చేజిక్కెను. ఈ వాదము చాలవఱకు ఒప్పుకొనదగినది. అయితే ఆ పన్ను శాసనమే గోది పదవిని లెక్కలోనుండి తప్పించుచు, అది ధనము కాదు, అధికారమని కారణము చెప్పినది. అమ్మవచ్చును, కొనవచ్చును, అయినను ధనము కాదు! అంగడిలో పెట్టినను సరకు కాని వస్తువులు కొన్ని గలవని ఆనాటి ధర్మజ్ఞులు ఎఱిగినట్లున్నది. ధనము కొలది అధికారము కొన్నవాడు అధికారము కొలది ధనము చేర్చుట సహజమేగదా. పోటీచే ఆరంభమైనది పోటీచేతనే ముగియుట కూడ కలదను నోజిక్ మాటకు ఇచ్చట కొంత బలము చేకూరుచున్నది.

మహాసభలోని పోరు చల్లారిన తీరు ఇంకను మిగిలియున్నది. సీదా ప్రాంతపు హాల్ అను పెద్దమనిషి, ఫ్లోసికి మామ, ఆ పోరులో తన కుమారుడు ల్యోట్‌ను పోగొట్టుకొన్నాడు. మఱునాడు ఆతడు లేచి, తన కుమారునికి తాను వెల కోరననియు, అయినను శత్రువులతో సంధికి చేయిత్తుననియు పలికెను. సభయంతయు కదిలినది. సంధి కుదిరినది. పిదప సభలోనివారు తమంతట తామే తలకొంత వేసికొని హాల్‌కు ఎనిమిదినూఱుల వెండి నిచ్చిరి. అది నలుగురి పరిహారమునకు సమానము. వెలను నిరాకరించినవానికి అందఱికంటె పెద్దవెల వచ్చినదని లెక్కలవాడు నవ్వవచ్చును. కాని వరుస చూడవలెను: ఫ్లోసి ముందు వెండిరాశి పోసి శాంతి నడిగిరి, రాలేదు, హాల్ ముందు శాంతి నిచ్చెను, వెండి దాని వెంట వచ్చినది. అరాజకవాదులు స్వచ్ఛందమనియు క్రయవిక్రయమనియు రెండు మాటలను పర్యాయపదములవలె వాడుదురు. న్యాల్ సాగాలో వెండికుప్పలన్నిటి నడుమ పూర్ణముగా స్వచ్ఛందమైన క్రియ యేదియని వెదకినచో, అది క్రయవిక్రయము కాదు.

ఒక్కడు మాత్రము ఆ సంధిలో చేరలేదు. మంటలనుండి తప్పించుకొన్న న్యాల్ అల్లుడు కారి, తన కొడుకు కూడ అందు కాలినవాడు, దహనము చేసినవారిని దేశదేశములు వెదకి చంపుచు పోయెను. కడపట ఆతడును ఫ్లోసియు వేఱువేఱుగా రోమునగరమునకు యాత్రపోయి పాపక్షమ పొందిరి. తిరిగివచ్చుచు కారి ఓడ ఫ్లోసి యింటికి దగ్గఱనే ఒడ్డుకు కొట్టుకొని పగిలినది. మంచుతుపాను వీచుచుండగా, ఫ్లోసి ఔదార్యమును పరీక్షింతమని తోటివారితో చెప్పి కారి కాలినడకన వాని గుమ్మమునకు పోయెను. ఫ్లోసి గుర్తించి, లేచి ఎదురేగి, కౌగిలించి, తన ప్రక్కన కూర్చుండబెట్టుకొనెను. ఇక్కడ మధ్యవర్తి లేడు, న్యాయస్థానము లేదు, రాజు లేడు. కొలచిన వెండియు లేదు. కారి శీతకాలమంతయు అచ్చటనే యుండెను. భార్య గతించియుండుటచే, ఫ్లోసి తన యన్నకూతురు హిల్డిగున్‌ను, ఆ నెత్తుటివస్త్రము విసరిన హిల్డిగున్‌నే, ఆతనికిచ్చి పెండ్లి చేసెను.